పళ్లెంకొండ స్కానింగ్ సెంటర్

పళ్లెంకొండ మీద కొన్నేళ్లుగా గర్భస్థ శిశువులకు స్కానింగ్ జరుగుతోందన్న సంగతి జిల్లా కేంద్రానికి మార్చి నెల మొదట్లో తెలిసింది. తెలిసిన మర్నాడే తనిఖీ జీపు బయలుదేరింది. జీపులో డీజిలు ఉంది, డ్రైవరు సెలవులో లేడు, అధికారిగారు భోజనానికి ముందే కుర్చీలోంచి లేచారు. ఈ మూడూ ఒకే రోజు కలిసిరావడం ఆ కార్యాలయంలో అదే మొదటిసారని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు.

ఆ సమయానికి కొండ మీద చెన్నకేశవులు తన గదిలో కూర్చుని, వేసవికి మంచినీళ్ల కుండలు కొనడానికి అనుమతి కోరుతూ ఉత్తరం రాస్తున్నాడు. ఆయన అక్కడి రేడియో పరిశోధన కేంద్రానికి పరిపాలనాధికారి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఒక్క నియమం తప్పిన మనిషి కాదు.

కొండ మీద పెద్ద కల్యాణమండపమంత వెడల్పున్న లోహపు పళ్లెం ఒకటి ఆకాశం వైపు తిరిగి ఉంటుంది. దాన్ని చూసే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొండ అసలు పేరు మరిచిపోయి పళ్లెంకొండ అంటున్నారు. ఆ పళ్లెంతో చూడరు, వింటారు. నక్షత్రాల మధ్య మబ్బుల్లా పరుచుకున్న వాయువుల నుంచి వచ్చే రేడియో తరంగాలు అందులో పడతాయి. అవి ఎంత సన్నటివంటే, కొండ మీద ఎవరైనా సెల్‌ఫోను తెరిస్తే ఆ పూట పనంతా పాడు. అందుకని ఫోన్లు గేటు దగ్గరే వదలాలి. ఇంజనులో నిప్పురవ్వ పుట్టే పెట్రోలు బండ్లు పైకి రాకూడదు. క్యాంటీనులో మిక్సీ కూడా లేదు, చట్నీ రోట్లోనే నూరతారు. ఆ చట్నీ కోసమే కొండెక్కే శాస్త్రవేత్తలు ఉన్నారని చెన్నకేశవులుకు అనుమానం.

ఆయన చదివింది బి.కాం. నక్షత్రాల గురించి తెలిసింది పంచాంగంలో ఉన్నంతే. అయినా రోజూ ఉదయం పని మొదలుపెట్టే ముందు పళ్లెం కింద చెప్పులు విడిచి నమస్కారం పెట్టేవాడు. అక్కడి శాస్త్రవేత్త డాక్టర్ సులోచన ఒకసారి చూసి, ఎందుకన్నా అని అడిగింది.

"నాకూ తెలీదు మేడమ్. పొద్దస్తమానం పైకే చూస్తా ఉంటాది గదా. మనకంటే దానికే భక్తి ఎక్కువేమోనని."

సులోచనది ప్రొద్దుటూరు. ఏడేళ్లుగా ఆమె ఒకే ఒక్క మబ్బును వింటోంది. అది ధనుర్రాశి దిక్కున, మన దగ్గరికి వెలుగు రావడానికే అయిదు వేల ఏళ్లు పట్టేంత దూరంలో ఉంది. దాని కడుపులో పెద్ద నక్షత్రం ఒకటి పుడుతోంది. బయటికి వెలుగు కనపడదు, ధూళి కమ్మేసి ఉంది. కాని లోపలి వేడికి చుట్టూ ఉన్న హైడ్రోజన్ చెదిరిపోయి, దాని ఎలక్ట్రాన్లు ఊడిపోతున్నాయి. ఊడినవి మళ్లీ గూటికి చేరేటప్పుడు రేడియోలో సన్నగా పలుకుతాయి. ఆ పలుకే ఆమె వినేది. ఇన్నేళ్లూ నిలకడగా ఉన్న ఆ పలుకు ఈ మధ్య ఎగసి పడుతోంది.

"నెల తిరక్కుండా ఆ ధూళి గూడు పగులుతాది కేశవులన్నా" అంది ఆమె మొన్ననే. "అట్ల పగిలేటప్పుడు విన్నోళ్లు ఇంతవరకు ఎవురూ లేరు. ధనుర్రాశి తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పైన ఉంటాది. ఆ కాసేపు రోజూ వినాల. నాలుగు రోజులు వదిలినామంటే, అంతే. నా ఆయుష్షులో ఇంగొకటి రాదు."

చెన్నకేశవులు ఆ నెలంతా జనరేటరుకు డీజిలు తగ్గకుండా చూస్తానని మాటిచ్చాడు. తన చేతిలో ఉన్నది అదే.

జీపు వచ్చి ఆగింది. దిగినాయన డాక్టర్ పరాంకుశరావు, జిల్లా స్కానింగ్ కేంద్రాల తనిఖీ అధికారి. వెనక ఫైలు పట్టుకుని గుమాస్తా. గేటు దగ్గర ఫోను వదలమన్నందుకు ఆయన మొహం అప్పటికే ఎర్రగా ఉంది.

"ఈ కేంద్రమునందు గర్భస్థ శిశువుల చిత్రణ జరుగుచున్నట్లు మా దృష్టికి వచ్చినది" అంటూ ఆయన ఒక కరపత్రం బల్ల మీద పెట్టాడు.

అది పోయిన నెల విజ్ఞాన ప్రదర్శనకు డైరెక్టరుగారు స్వయంగా రాసింది. 'ధూళి మేఘాల గర్భంలో పెరుగుతున్న శిశు నక్షత్రాలను మా యంత్రం నిరంతరం స్కాన్ చేస్తుంది' అని అందులో ఉంది. డైరెక్టరుగారికి కవిత్వం మీద మక్కువ.

"సార్, అవి నక్షత్రాలు" అన్నాడు చెన్నకేశవులు.

"మాకు తెలుసు. మేము చదువుకొనని వారము కాము. సర్క్యులరులో స్కానింగు యంత్రము, గర్భము, శిశువు అను మూడు మాటలున్నవి. మీ కరపత్రములో ఆ మూడును ఉన్నవి. యంత్రము ఎవరి గర్భమును చూచుచున్నదో విచారించుట మా పరిధిలోనిది కాదు."

సులోచన నవ్వు ఆపుకుంటూ, "నక్షత్రాల్లో ఆడా మగా ఉండదు సార్" అంది.

"ఆ మాట మీరు చెప్పుటయే నేరమమ్మా. శిశువు లింగమును గూర్చి ఉన్నదనియు, లేదనియు ఎట్టి వ్యాఖ్యయు చేయరాదు." గుమాస్తా ఆ మాట రాసుకున్నాడు.

చెన్నకేశవులు నవ్వలేదు. ఆయనకు ఆ చట్టమంటే గౌరవం. ముగ్గురూ ఆడపిల్లలే ఆయనకు. మూడో కాన్పప్పుడు మేనత్త ఇంటికొచ్చి, ఒకసారి చూపించుకుంటే పోలా అని చెవిలో ఊదితే, ఆయన భార్య ఈశ్వరమ్మ ఆమెకు మజ్జిగ కూడా ఇవ్వకుండా బస్సెక్కించింది. ఆ పిల్లే ఇప్పుడు ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వుతుంది. కాబట్టి చట్టం మంచిదే. మంచి చట్టం కొండెక్కి ఇంత దూరం ఎందుకొచ్చిందన్నదే ఆయనకు అర్థం కాలేదు.

రెండో గ్లాసు మజ్జిగకు పరాంకుశరావు చల్లబడ్డాడు. చల్లబడితే ఆయన కూడా మామూలుగానే మాట్లాడతాడు.

"ఏం చేయమంటావప్పా. మూడు నెలలకొక రిజిస్టరు కాని సెంటరును పట్టాల, అది పై నుంచి టార్గెట్టు. జిల్లాలో ఉండేటివన్నీ రిజిస్టరు అయిపోయినాయి. పోయిన ఏడు పశువుల ఆసుపత్రిని పట్టినాం, బర్రెగొడ్డుకు స్కానింగ్ తీస్తాంటే. తర్వాత పండ్లు పీకే డాక్టరును. మొన్న డిసెంబర్లో రైల్వే స్టేషన్లో సంచులు చూసే మిషనును రిజిస్టరు చేయించినా. ఇంగ మిగిలింది మీరే. మార్చి ముప్పై ఒకటికి టైమైపోతాది."

"మరి కార్లో మిషను పెట్టుకోని, ఆడా మగా చెప్తా ఊర్లెంబడి తిరుగుతా ఉంటారంట గదా సార్. తెల్లకారు. అందరికీ తెలుసు."

"తెలుసు. కానీ వాళ్లకు బోర్డు లేదు గదప్పా. మా తనిఖీ ఫారంలో మొదటి గడే బోర్డు సరిగ్గా ఉందా లేదా అని. బోర్డే లేనిచోట అది ఎట్ల నింపేది?"

చెన్నకేశవులు ఆ మాట మీద చాలాసేపు ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే ఆయన్ని బాధపెట్టింది.

మొదటి నోటీసు బోర్డు గురించే. స్కానింగ్ చేయించుకునే వారికి స్పష్టంగా కనపడేలా హెచ్చరిక బోర్డు ఉండాలి. చేయించుకునేది ధనుర్రాశిలో ఉంది గనక బోర్డు ఆకాశం వైపు ఉండాలని పరాంకుశరావు తేల్చాడు. పెయింటరు వచ్చి క్యాంటీను మిద్దె మీద మనిషెత్తు అక్షరాలతో 'ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు, అడుగుట నేరము' అని రాసిపోయాడు. ఆ తర్వాత బెంగుళూరు వెళ్లే విమానాలు కొండ మీద కాస్త కిందికి దిగి వెళుతున్నట్టు చెన్నకేశవులుకు అనిపించింది.

రెండో నోటీసు ఈశ్వరమ్మకు వచ్చింది. ఆమె కొండ కింద ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు, వాళ్ల ఇల్లు కూడా కొండ కిందే. తన పరిధిలో ఉన్న గర్భిణి ఒకరు ఇంతవరకు నమోదు కాలేదని, వెంటనే నమోదు చేసి పోర్టల్లో ఎక్కించాలని ఆదేశం. సాయంత్రం దీపం పెట్టి వచ్చి ఆమె ఫోను ముందేసుకుని కూర్చుంది. చెన్నకేశవులు చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

"పేరు చెప్పండి."

"మబ్బు అని రాయి."

"ఇంటిపేరు?"

"ధనుర్రాశి."

"ఎన్నో నెల?"

"మేడమును అడిగినా. కొన్ని లక్షల ఏండ్లంట."

ఈశ్వరమ్మ ఫోను దించి ఆయన వైపు చూసింది. "పాపం, ఎట్ల మోస్తాందో. దీంట్లో పదో నెల తర్వాత గడి లేదు. పది అని వేస్తాండా. రక్తమెంతుంది?"

"అంతా హైడ్రోజనే అంట."

"అంటే బొత్తిగా లేనట్లే. ఐరన్ మాత్రలు రాస్తా. కాన్పులో ఒక బిడ్డా, ఇద్దరా?"

"ఒక్కో మబ్బులో వందల మంది పుడతారంట. ఇప్పుడు కదులుతాండేది మాత్రం ఒకటే."

"సామీ" అని ఆమె ఫోనుకే దండం పెట్టింది. వివరాలన్నీ ఎక్కించి చివరి మీట నొక్కగానే తెర ఎర్రగా మారి 'అత్యంత ప్రమాదకర గర్భం' అని చూపించింది. జిల్లాలో ఆ ఏడాది అంత ఎరుపు ఎవరికీ రాలేదు.

ఆ ఎరుపు జిల్లా కేంద్రంలో కనపడింది. రాజధానిలోనూ కనపడింది. అత్యంత ప్రమాదకర గర్భానికి రిజిస్టరు కాని కేంద్రంలో స్కానింగ్ ఎలా జరుగుతోందని పై నుంచి ప్రశ్న వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం పరాంకుశరావు మూడో నోటీసుతో వచ్చాడు. రిజిస్ట్రేషన్ పూర్తయ్యే దాకా యంత్రానికి సీలు. రిజిస్ట్రేషన్‌కు మూడు నెలలు పడుతుంది.

సీలు వేసే పద్ధతి సర్క్యులరులో వివరంగా ఉంది. శరీరాన్ని తాకే భాగానికి తెల్లగుడ్డ కప్పి, తాడుతో బిగించి, ముడి మీద లక్క వేయాలి. ఆసుపత్రి మిషన్లకైతే ఆ భాగం అరచేతిలో పడుతుంది. ఇక్కడ అది కల్యాణమండపమంత ఉంది. కింది ఊళ్లోని టెంటుహౌసులో ఉన్న షామియానాలన్నీ తెచ్చి, కుట్టి, పళ్లేన్ని నిట్టనిలువుగా ఆకాశానికి తిప్పి మూతి కట్టేశారు. అంచుల్లోంచి తాళ్లు కిందికి లాగి, నాలుగు సిమెంటు దిమ్మెలకు ముడులేశారు. ముడి ముడికీ లక్క. దూరం నుంచి చూస్తే రాక్షసుల ఇంట్లో ఎవరో ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టుంది. పరాంకుశరావుకు ఫోటో తీసి పోర్టల్లో పెట్టాలి, కాని ఫోను కొండ మీదికి రాకూడదు. ఆయన జీపులో కిందికి పోయి, రోడ్డు మీద నిలబడి ఫోటో తీసుకుని, సంతకం చేయడానికి మళ్లీ పైకి వచ్చాడు.

అందరూ పోయాక సులోచన మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. చెప్పు కొనతో మట్టిలో గీతలు గీస్తోంది.

"ఆ గుడ్డ నాకు అడ్డం కాదన్నా" అంది. "రేడియోకు గుడ్డ ఉన్నా లేకపోయినా ఒకటే, దూసుకోని పోతాది. తాళ్లే అడ్డం. మబ్బు తూర్పు నుంచి పడమటికి పోతాంటే పళ్లెం దాంతోపాటు తిరగల్ల గదా. కట్టేస్తే ఎట్ల? పొద్దున పలుకు ఎన్నడూ లేనంత ఎగిసింది. ఏడేండ్లు కాచుకోని, సరిగ్గా కాన్పు టైముకు నన్ను బయటకు తోసి తలుపేసినట్లుంది."

చెన్నకేశవులు గదిలోకి పోయి తీగ ఫోనులో డైరెక్టరుగారికి చెప్పాడు. ఆయన రాజధానిలో సదస్సులో ఉన్నారు. "ఆందోళన వద్దు కేశవులు గారూ. ఒక కమిటీ వేద్దాం" అన్నారు.

"ఎప్పుడు సార్?"

"వచ్చే ఆర్థిక సంవత్సరంలో."

ఇంటికి వచ్చాక చెన్నకేశవులు దీపం ముందు మామూలు కంటే ఎక్కువసేపు కూర్చున్నాడు. స్వామీ, ఇన్ని కోట్ల నక్షత్రాలు పుట్టించావు, ఏ ఒక్కదానికీ ఎవరి అనుమతీ అడగలేదు, మా జిల్లాకు వచ్చేసరికి ఎందుకిట్లయింది అని అడిగాడు. స్వామి ఏమీ చెప్పలేదు. వంటింట్లోంచి ఈశ్వరమ్మ చెప్పింది.

"తాళ్లేసి కట్టినారంట గదా. నొప్పులు పడే మనిషున్న ఇంట్లో ముడనేదే ఉండకూడదు. మా అవ్వ అయితే ఇంట్లో అందరి జడలు విప్పించేది, పెట్టెల తాళాలు తీయించేది, దూడలకు కూడా పలుపు తీసేయించేది. మీరేమో బయటే ముడులేసి లక్క పోసినారు."

"మేము కాదే, సర్కారు."

"సర్కారుకు మాత్రం తెలీదా? మా కేంద్రంలో గోడ మీద రాసింటాది. కాన్పు గదికి రాత్రీపగలూ తాళం వేయకూడదు, నొప్పులతో వచ్చిన మనిషిని వెనక్కి పంపకూడదు అని. దానికి కూడా సర్క్యులరుంది."

చెన్నకేశవులు దీపం ముందు నుంచి లేచి వచ్చాడు. "నొప్పులు మొదలైనాయని రాసేది ఎవరు?"

"నేనే గదా. నర్సును."

ఆయన తటపటాయించాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క తప్పు లెక్క రాసిన మనిషి కాదు. "అబద్ధం కాదా అది?"

"నక్షత్రం పుడతా ఉందా, లేదా?"

"పుడతా ఉంది."

"తల్లి కదులుతా ఉందా?"

"ఎగిసెగిసి పడతా ఉందంట."

"మరి అబద్ధం యాడుంది?"

ఆయన వెతికి చూశాడు. ఎక్కడా లేదు. ఈశ్వరమ్మ కొంగు దోపుకుని ఫోను తీసింది. అత్యంత ప్రమాదకర గర్భం. నొప్పులు మొదలు. కాన్పు కేంద్రం మూసి ఉన్నది. మూసిన అధికారి పేరు అన్న గడి దగ్గర ఆమె ఒక్క అక్షరం తప్పు లేకుండా పరాంకుశరావు పేరు, హోదా రాసింది.

తెల్లవారేసరికి జిల్లాలో మోగని ఫోను లేదు. ఇలాంటి కేసు మీద రాజధానిలో గంటగంటకూ లెక్క అడుగుతారు. తల్లికి ఏదైనా అయితే విచారణ సంఘం వస్తుంది. పొద్దెక్కకముందే జీపు, దాని వెనక కూతపెట్టుకుంటూ ఆంబులెన్సు కొండెక్కాయి. పరాంకుశరావు దిగీదిగగానే పళ్లెం వైపు చూశాడు.

"కాన్పు జరగవలసిన చోటును ఎవరు బంధించినారు?" అన్నాడు.

"మీరే సార్" అన్నాడు చెన్నకేశవులు.

"విప్పుటకు తక్షణమే చర్యలు..." అని మొదలుపెట్టి, ఆయన ఆ వాక్యాన్ని మధ్యలోనే వదిలేశాడు. "విప్పండప్పా, విప్పండి. ఏం చూస్తాండారు?"

లక్క పగిలింది. ముడులు మాత్రం లొంగలేదు. టెంటుహౌసువాళ్లు పెళ్లిపందిళ్లకు వేసే ముడులవి, గాలివానకు కూడా నిలుస్తాయి. గుమాస్తా పళ్లతో లాగాడు. ఆంబులెన్సు డ్రైవరు కత్తి తెస్తానన్నాడు.

"కాన్పు దగ్గర ముడి కోయకూడదు, విప్పల్ల" అని ఈశ్వరమ్మ ఆపింది. చేతులు కట్టుకుని అందరినీ కలయజూసింది. "ముందు మీవి విప్పండి. సారూ, మీ బూట్ల లేసులు."

"అది అవసరమా అమ్మా?"

"మీ ఇంట్లో కాన్పయితే అడుగుతారా ఆ మాట?"

పరాంకుశరావు కూర్చుని లేసులు విప్పాడు. నెక్‌టై కూడా విప్పాడు. సులోచన జడ విప్పింది. క్యాంటీను మనిషి లుంగీ ముడి విప్పడానికి సిద్ధపడితే అది మాత్రం వద్దన్నారు. చెన్నకేశవులు మొలతాడుకు కట్టుకున్న తాళంచెవుల గుత్తిని తీసి నేల మీద పెట్టాడు. చివరికి గుమాస్తా, బిడ్డను అప్పగిస్తున్నంత దిగులుగా, ఫైలుకున్న ఎర్రదారం లాగాడు. ఆ ఫైలు కట్టిన తర్వాత ఎన్నడూ తెరుచుకోలేదట. లోపల కాగితాలు ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు పైకి లేచాయి.

ఆ తర్వాత తాళ్లు వాటంతటవే వదులయ్యాయో, అందరూ కలిసి లాగడం వల్లనో గాని, నాలుగు ముడులూ విడిపోయాయి. గుడ్డ దించడానికి టైము లేదు. పళ్లెం వాసెనతోనే కదిలింది. మెల్లగా, కడుపుతో ఉన్న మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు, ధనుర్రాశి వైపు వాలింది.

లోపల గదిలో తెర మీద ఒక సన్నటి గీత పాకుతోంది. అందరూ సులోచన వెనక గుంపుగా నిలబడ్డారు. ఉన్నట్టుండి గీత నిలువునా పైకి లేచి తెర దాటిపోయింది.

"వచ్చేసింది" అన్నాడు గుమాస్తా, కళ్లనీళ్లతో.

"అది మీ ఆంబులెన్సు వైర్‌లెస్సు. ఆపేసి రమ్మనండి" అంది సులోచన.

డ్రైవరు పరిగెత్తిపోయి ఆపాడు. గీత మళ్లీ పడుకుంది. ఈశ్వరమ్మ సులోచన భుజం మీద చెయ్యి వేసి ఊరికే నిలబడింది, ఆమెకు అలవాటైన పనే అది. పొద్దు పైకెక్కేకొద్దీ గీత ఒకసారి వణికింది, లోతుగా దిగింది. దిగి అక్కడే ఉంది. అప్పుడు అది లేచింది. ఆంబులెన్సులా ఎగరలేదు. దీపం వత్తి అంటుకున్నట్టు, మొదట అనుమానంగా, తర్వాత నిబ్బరంగా లేచి, నిన్నటి వరకూ ఎన్నడూ లేని ఎత్తులో నిలబడింది.

"పగిలింది" అంది సులోచన. "గూడు పగిలింది అన్నా. బయటికొచ్చింది."

"తల్లి?" అంది ఈశ్వరమ్మ.

"బాగుంది. ఇంకా చాలామందిని కంటాది."

పరాంకుశరావు జేబురుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ సంతోషంలో, ఎంత చదువుకున్నా పుట్టుకతో నోటికంటిన మాట ఒకటి ఆయనకు తెలియకుండానే బయటికొచ్చింది.

"ఏం బిడ్డమ్మా? మగబిడ్డేనా?"

గుమాస్తా కలం పైకెత్తి, రాయాలో వద్దో తెలియక అలాగే ఉండిపోయాడు. అందరూ ఆయన వైపే చూశారు. ఈశ్వరమ్మ చూసిన చూపు మాత్రం, ఆ రోజు మేనత్తను బస్సెక్కించినప్పుడు చూసిన చూపే.

"సార్," అన్నాడు చెన్నకేశవులు మెత్తగా, "మిద్దె మీద బోర్డుంది."

పరాంకుశరావు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. లేసులు ఇంకా విప్పే ఉన్నాయి. కొండ కింద చెరుకుతోటల మధ్య రోడ్డు కనపడుతోంది. ఆ రోడ్డు మీద తెల్లకారు ఒకటి, ఏ తొందరా లేకుండా, ఒక ఊళ్లో ఆగి ఇంకో ఊరికి పోతోంది. చెన్నకేశవులు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టాడు. కారును చూపించలేదు. చూపించాల్సిన అవసరం కూడా లేదు, ఆయన దాన్నే చూస్తున్నాడు.

"బోర్డు లేదు దానికి" అన్నాడు పరాంకుశరావు, తనలో తనే అనుకుంటున్నట్టు.

"లేదు సార్."

ఆయన గ్లాసు ఖాళీ చేసి లేచాడు. "డ్రైవరూ, జీపులో డీజిలుందా?" అని అడిగాడు. లేసులు కట్టుకోకుండానే ఎక్కాడు.

కారు రెండు ఊళ్ల అవతల దొరికింది. మిషనుతో సహా దొరికింది. ఆ సాయంత్రం పరాంకుశరావు పోర్టల్లో దాన్ని ఎక్కించబోతే తీసుకోలేదు. ఈ మూడు నెలల టార్గెట్టు పళ్లెంకొండతోనే నిండిపోయిందని, మిగులును వచ్చే త్రైమాసికంలో కనిపెట్టవలసిందిగా కోరడమైనదని తెర మీద వచ్చింది. ఆయన కారును స్టేషన్లో అప్పగించి, ఇంటికి పోయి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడని ఆయన డ్రైవరే తర్వాత చెప్పాడు. రాజధాని నుంచి అభినందన పత్రం కూడా వచ్చింది. అది కారు గురించి కాదు. అత్యంత ప్రమాదకర గర్భానికి క్షేమంగా కాన్పు చేయించినందుకు.

నక్షత్రం జనన నమోదు మాత్రం ఇంకా తేలలేదు. పుట్టి అయిదు వేల ఏళ్లు దాటింది గనక ఆలస్యానికి కారణం చూపాలన్నారు. 'కబురు ఇప్పుడే అందింది' అని చెన్నకేశవులు ఉన్నమాటే రాసి పంపాడు.

సులోచన రాసిన పరిశోధన వ్యాసం ఆ ఏడే అచ్చయింది. దేశదేశాల శాస్త్రవేత్తలు దాన్ని చదివి మెచ్చుకున్నారు. చివర్లో కృతజ్ఞతలు చెప్పేచోట చెన్నకేశవులు, ఈశ్వరమ్మల పేర్లున్నాయి. వాటి కింద ఉన్న ఒక్క వాక్యమే ఎవరికీ అర్థం కాలేదు. దూర దేశం నుంచి ఒక పెద్దాయన ఉత్తరం కూడా రాశాడు, దీని శాస్త్రీయ ప్రాధాన్యం ఏమిటని. సులోచన ఆ ఉత్తరాన్ని చెన్నకేశవులు చేతే చదివించి, ఇద్దరూ రోటిచట్నీ తింటూ నవ్వుకున్నారు. ఆ వాక్యం ఇది:

'ఈ నక్షత్రం ఆడో మగో మేము చూడలేదు, ఎవరికీ చెప్పలేదు. ఎవరు పుట్టినా మాకు సంతోషమే.'